గర్భస్థ శిశు హృదయ పరీక్ష

తల్లి గర్భంలోని శిశువు గుండె నిర్మాణాన్ని, పనితీరును అల్ట్రాసౌండ్ తరంగాలతో పరిశీలించే పద్ధతిని గర్భస్థ శిశు హృదయ పరీక్ష అంటారు. వైద్యులు దీనిని ఫీటల్ ఎకో అని వ్యవహరిస్తారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు 8 నుండి 9 మందికి ఉంటాయి.

పరీక్షా విధానం

గర్భిణులకు 18 నుండి 22 వారాల మధ్య చేసే స్కానింగులో (వాడుకలో టిఫా స్కాన్, ఐదో నెల స్కానింగు) శిశువు గుండెను కూడా చూస్తారు. రెండు కర్ణికలు, రెండు జఠరికలు ఒకే దృశ్యంలో కనబడతాయి. ఎడమ జఠరిక ఎదగకపోవడం వంటి లోపాలు ఇక్కడే బయటపడతాయి. అయితే మహాధమని, పుపుస ధమని తారుమారైనపుడు నాలుగు గదులూ సక్రమంగానే కనిపించవచ్చు. కావున ధమనులు బయలుదేరే చోటును విడిగా పరిశీలించడం తప్పనిసరి. అనుమానం కలిగితే ఫీటల్ ఎకో చేసి, డాప్లర్ సాయంతో రక్తప్రవాహపు దిశను, వేగాన్ని తెలుసుకుంటారు.

తల్లికి మధుమేహం, తొలి నెలలలో రుబెల్లా, కుటుంబంలో గుండె లోపాలు, మేనరికం ఉన్నచో లోపానికి అవకాశం ఎక్కువ. కానీ ఈ కారణాలేవీ లేని తల్లులకే ఇటువంటి బిడ్డలు అధికంగా పుడతారు. మేనరికం కాదు గదా అని స్కానింగు మానడం సరికాదు.

ముందుగా తెలియడం వలన ప్రయోజనం

గర్భంలో శిశువుకు ప్రాణవాయువు మాయ ద్వారా అందుతుంది. అప్పుడు పుపుస ధమనిని మహాధమనితో కలిపే నాళం ఒకటి తెరిచి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకే మూసుకుపోతుంది. కొన్ని లోపాలలో బిడ్డ ప్రాణం ఆ నాళంపైనే ఆధారపడుతుంది. అట్టి బిడ్డ పుట్టినపుడు బాగానే కనిపించి, ఇల్లు చేరిన తరువాత నీలంగా మారవచ్చు. ప్రోస్టాగ్లాండిన్ మందు నాళాన్ని తెరిచి ఉంచి శస్త్రచికిత్సకు వ్యవధి కల్పిస్తుంది.

అందుచేత కాన్పు ఎక్కడ జరగాలన్నది ముఖ్యమవుతుంది. ఉదాహరణకు నంద్యాల, ఆళ్ళగడ్డల మధ్యనున్న శిరివెళ్ల మండలం వారికి తిరుపతి చేరాలంటే మైదుకూరు, కడప దాటి వెళ్ళాలి. తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించింది. నీలబడిన పసికందును అంత దూరం తరలించడం కన్న, నెలలు నిండకముందే తల్లిని అటువంటి ఆసుపత్రికి చేరువలో ఉంచడం క్షేమకరం. చిన్నపిల్లల గుండె శస్త్రచికిత్సలను 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చారు.

చట్టం

1994 నాటి చట్టం ప్రకారం స్కానింగులో శిశువు లింగాన్ని వెల్లడించడం నేరం. లోపాన్ని తెలపడానికి ఆటంకం లేదు. 2021 సవరణ ప్రకారం తీవ్రమైన లోపమని వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల తరువాత కూడా గర్భవిచ్ఛిత్తికి అనుమతి ఉంది. జఠరికల నడిమి గోడలోని చిన్న రంధ్రాలు మాత్రం చాలావరకు వాటంతటవే పూడిపోతాయి.