అరిగిన టైరుకు మరో జన్మ

పెద్ద రహదారుల అంచున అక్కడక్కడ నల్లని రబ్బరు పేలికలు పడి ఉంటాయి. లారీ టైరు నుండి ఊడిన ముక్కలవి. వాటిని చూసినవారిలో పెక్కుమంది ఇది రీట్రెడ్ టైరు చేసిన పనేనని వెంటనే తీర్పు చెబుతారు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అంటించి మళ్ళీ రోడ్డు మీదికి పంపడం ప్రాణాలతో చెలగాటమని వారి అభిప్రాయం. ఈ తీర్పు న్యాయమైనదా? ఇది తేలాలంటే రీట్రెడింగు పుట్టుపూర్వోత్తరాలను ఒకసారి పరిశీలించాలి.

రెండు భాగాలు, రెండు ఆయుర్దాయాలు

లారీ టైరులో ముఖ్యంగా రెండు భాగాలున్నవి. గాలిని నిలిపేదీ, బరువును మోసేదీ లోపలి కేసింగు. దీనిని మొదట నూలు దారాలతో, ఆ తరువాత నైలానుతో, ఉక్కు తీగలతో తయారు చేస్తూ వచ్చినారు. దానిపైన రోడ్డును తాకే మందపాటి రబ్బరు పొర ట్రెడ్డు. రోడ్డు రాపిడికి అరిగేది ట్రెడ్డే. అది అరిగిపోయే నాటికి కేసింగు చాలావరకు చెక్కుచెదరకుండా ఉండవచ్చును. టైరు తయారీలో అధిక వ్యయం కేసింగు మీదనే. అడుగు అరిగినంత మాత్రాన మంచి చెప్పును ఎవరూ పారవేయరు. కొత్త అట్ట వేయించుకొంటారు. రీట్రెడింగుకు మూలసూత్రం ఇదే.

అయితే చెప్పుకు మేకులు కొట్టవచ్చు. టైరుకు కొట్టరాదు గదా! మరి కొత్త రబ్బరును పాత రబ్బరుతో ఎలా కలపాలి?

కరగని రబ్బరు

పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. దానిని గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. రబ్బరులోని పొడవైన అణుశృంఖలాల నడుమ గంధకం వంతెనలు కట్టి వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తుంది. ఈ మార్పునే వల్కనీకరణం అంటారు. పనివారి భాషలో ఇది రబ్బరును ఉడికించడం.

ఈ వంతెనల వల్ల రబ్బరుకు బలం వచ్చినది; కాని ఒక చిక్కు కూడా వచ్చినది. ఒకసారి ఉడికిన రబ్బరు మైనంవలె మళ్ళీ కరగదు. అందువల్ల లోహపు ముక్కలను అతికినట్లు రెండు రబ్బరు ముక్కలను కరిగించి అతకడానికి వీలులేదు. ఈ చిక్కుకు రసాయనశాస్త్రమే మార్గం చూపినది. పాత టైరు పైభాగాన్ని సమంగా గీకి గరుకుగా చేస్తారు. దీనిని బఫింగు అంటారు. దానిమీద గంధకం కలిసిన పచ్చి రబ్బరు పొరను పరచి, వేడితోను ఒత్తిడితోను ఉడికిస్తారు. అప్పుడు కొత్త వంతెనలు ఏర్పడి పచ్చి పొర పాత రబ్బరును గట్టిగా పట్టుకొంటుంది. కనుక రీట్రెడింగు జిగురుతో అంటించే పని కాదు. రెండవసారి జరిగే వల్కనీకరణం.

1888లో డన్‌లప్ బెల్‌ఫాస్టులో గాలి టైరును తయారు చేసిన తరువాత మోటారు వాహనాలు పెరిగినవి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలోనే రీట్రెడింగు వృత్తిగా రూపొందినది. 'కామెల్‌బాక్' అనే పచ్చి రబ్బరు పట్టీని టైరుకు చుట్టి, వేడి అచ్చులో పెట్టి, ఇంచుమించు 150 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఉడికించేవారు. టైరు పరిమాణాన్ని బట్టి వేర్వేరు అచ్చులు కావలసివచ్చేవి. పైగా ఒకసారి ఉడికిన కేసింగుకు మళ్ళీ అంత వేడి తగిలేది.

యుద్ధం తెచ్చిన అపకీర్తి

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనది. మలయా, డచ్చి ఈస్టిండీసుల రబ్బరు తోటలు కూడా వారి చేతికి చిక్కినవి. అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం ఆగిపోయినది. అప్పటికే, ఆ జనవరిలోనే, అక్కడ టైర్లకు రేషను మొదలైనది. టైర్ల అరుగుదలను తగ్గించడానికి వాహనాల వేగాన్ని గంటకు 35 మైళ్ళకు పరిమితం చేసినారు. ఉన్న టైర్లకే మళ్ళీ ట్రెడ్డు వేయించుకోవడం తప్పనిసరి అయినది.

కాని మంచి రబ్బరంతా సైన్యానికే సరిపోయేది. పౌరుల టైర్లకు తుక్కు నుండి తిరిగి తీసిన రబ్బరును వాడవలసివచ్చినది. అటువంటి ట్రెడ్డు త్వరగా అరిగేది; వేగానికి తట్టుకొనేది కాదు. దోషం రబ్బరుది, అపకీర్తి మాత్రం రీట్రెడింగుకు అంటుకొన్నది.

చల్లని పద్ధతి

పాత పద్ధతి లోపాన్ని తొలగించిన మార్గం జర్మనీలో పుట్టినది. బెర్నార్డ్ అంటన్ నోవాక్ ట్రెడ్డు పట్టీని ముందుగానే విడిగా, అధిక పీడనంలో ఉడికించి సిద్ధం చేసుకొన్నాడు. తరువాత దానిని కేసింగుకు చుట్టినప్పుడు నడుమనున్న పలుచని పచ్చి పొర ఉడికితే చాలు. దానికి ఇంచుమించు 100 డిగ్రీల వేడి సరిపోతుంది. కేసింగుకు శ్రమ తగ్గుతుంది. 1957లో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన రాయ్ కార్వర్ ఈ పద్ధతిపై ఉత్తర అమెరికా హక్కులు కొని మస్కటీన్ పట్టణంలో పరిశ్రమ నెలకొల్పినాడు. నోవాక్ పేరులోని తొలి అక్షరాలు, డార్మ్‌స్టాట్ నగరం పేరు కలిసి 'బాండాగ్' అనే పేరు ఏర్పడినది.

మన దేశంలోనూ ఈ చరిత్రకు ఒక ముఖ్య ఘట్టమున్నది. 1946లో మద్రాసులో ఆటబుడగలతో ప్రారంభమైన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ 1952లో రీట్రెడింగుకు కావలసిన ట్రెడ్డు రబ్బరు తయారీకి పూనుకొన్నది. ఆంధ్ర ప్రాంతం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులవి. ఈనాడు ఎం.ఆర్.ఎఫ్. అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థ టైర్ల తయారీలోకి వచ్చినది ఆ తరువాతనే, 1961లో.

పేలికలు చెప్పిన సాక్ష్యం

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 2007 వేసవిలో అమెరికాలోని ఐదు చోట్ల రహదారుల మీద పడిన టైరు ముక్కలను మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సేకరించినారు. దాదాపు 1,500 ముక్కలను, కేసింగులను పరీక్షించి 2008 డిసెంబరులో ఫలితాలు ప్రకటించినారు. పేలికలలో కొత్త టైర్లవీ ఉన్నవి, రీట్రెడ్ టైర్లవీ ఉన్నవి. వాడకంలో వాటి నిష్పత్తి ఎంతో, పేలికలలోనూ ఇంచుమించు అంతే. రోడ్డు మీది వస్తువుల దెబ్బ, అధికోష్ణం ప్రధాన కారణాలుగా తేలినవి.

ఈ అధికోష్ణం ఎక్కడిది? గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోను ఎక్కువగా వంగుతుంది. వంగి లేచినప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారుతుంది. రబ్బరు ఉష్ణాన్ని సులభంగా బయటికి పోనివ్వదు. లోపలి పొరల పట్టు సడలి చివరకు టైరు విచ్చిపోతుంది. లారీ వెనుక జంట చక్రాలలో ఒకదానికి గాలి తగ్గితే దాని బరువు రెండవదాని మీద పడుతుంది. మితిమీరిన బరువు వేసినా ఫలితం ఇదే. ఈ సూత్రానికి కొత్త టైరూ లోబడినదే.

విమానాలకు కూడా రీట్రెడ్ టైర్లు వాడుతున్నారని తెలిస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. అక్కడ ప్రతి కేసింగునూ నిశితంగా పరీక్షిస్తారు. కీలకం అక్కడే ఉన్నది. ప్రతి పాత టైరూ పునర్జన్మకు అర్హమైనది కాదు. తీగలు తెగినదీ, గాలి లేకుండా పరుగెత్తినదీ, లోపలి పొరలు విడినదీ పనికిరావు. కంటికి కనపడని లోపాలను పట్టుకొనడానికి నేడు లేసరు కిరణాల పరీక్షలు కూడా ఉన్నవి. ఈ పరీక్షను మానివేసిన చోట భయం నిజమే అవుతుంది. జాగ్రత్త కోసం అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు రీట్రెడ్ టైర్లను నిషేధించినారు.

లాభమూ చిన్నది కాదు. ఒక కొత్త లారీ టైరుకు సుమారు 83 లీటర్ల ముడినూనె ఖర్చయితే, రీట్రెడింగుకు 26 లీటర్లు చాలునని పరిశ్రమవారి లెక్క. వ్యర్థంగా పోయే టైర్ల గుట్టలూ ఆ మేరకు తగ్గుతాయి.

కాబట్టి రోడ్డు పక్క పేలికను చూసి రీట్రెడింగును దోషిగా నిలబెట్టడం తొందరపాటు. ముందుగా అడగవలసిన ప్రశ్నలు వేరు: కేసింగును ఎవరు పరీక్షించినారు? లారీ మీద ఎంత బరువు వేసినారు? బయలుదేరే ముందు గేజీతో గాలి చూసినారా?