మెండెల్‌కు లొంగని మొక్క

బఠాణీ మొక్కలపై ప్రయోగములు చేసి అనువంశిక సూత్రములను కనుగొనిన గ్రెగర్ మెండెల్ పేరు మన బడిపిల్లలకు కూడ తెలిసినదే. ఆయనను తికమకపెట్టిన మొక్క యొకటి కలదని మాత్రము చాలమంది యెరుగరు. చేమంతి కుటుంబమునకు చెందిన ఆ పసుపుపచ్చని పూలమొక్క పేరు హైరేసియం.

1866లో బఠాణీ వ్యాసము అచ్చయిన పిమ్మట మెండెల్ దీనిపై దృష్టి నిలిపెను. బ్రున్ నగరపు మఠములో భూతద్దము క్రింద చిన్నచిన్న పూలనుండి పుప్పొడి తిత్తులను తొలగించి, వేరొక జాతి పుప్పొడి నద్దెడివాడు. ఆ శ్రమకు కన్నులు దెబ్బతిని కొంతకాలము పని మానవలసివచ్చెను. ఫలితమేమి? బఠాణీలో మొదటితరము సంకరములు ఒక్కతీరుగా నుండి, రెండవతరమున గుణములు విడిపోయినవి. ఇచ్చట మొదటితరమే పలురీతుల నుండెను. వాని సంతతి మాత్రము తల్లిని పోలి మారక నిలిచెను. 1884లో మెండెల్ మరణించునాటికి ఈ చిక్కు విడలేదు.

1903లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు రౌంకియేర్, ఓస్టెన్‌ఫెల్డ్ ఈ మొక్క మొగ్గల పైభాగమును కోసివేసిరి. పుప్పొడియు లేదు, దానిని గ్రహించు కీలాగ్రమును లేదు. అయినను గింజలు పట్టినవి! సంయోగము లేకయే తల్లి కణము పిండముగా మారుచున్నదన్నమాట. దీనినే అసంయోగజననమందురు.

ఇందు లాభమును కలదు, నష్టమును కలదు. చక్కగా కుదిరిన గుణములు తరతరములకు చెదరవు. కాని కొత్త తెగులు సోకినచో, అన్నియు ఒక్క అచ్చున పోసినట్టివే గనుక, తట్టుకొను మొక్క దొరకుట కష్టము. కాబోలు, పెక్కు జాతులు ఈ పద్ధతితోపాటు సంయోగమును గూడ కొంత నిలుపుకొనినవి.

మన బత్తాయి తోటలకు ఇది కొత్త కాదు. అంటుకట్టుటకు గింజనుండి పెంచు జంబేరి నారు చాలవరకు ఒక్కతీరుగా నుండుటకు కారణము, పిండములలో అధికభాగము తల్లి కణజాలమునుండియే పుట్టుట.

వరి సంగతి వేరు. సంకర వరి పండించు రైతు ఏటేట విత్తనము కొనవలసినదే. దాచిన గింజ నాటినచో మెండెల్ బఠాణీలవలె గుణములు విడిపోవును. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పరిశోధకులు జన్యువులను మార్చి, తల్లిని పోలిన గింజలను వరిచేత పట్టించిరి. అప్పుడవి నూటికి 30 లోపే. 2022లో ఫ్రెంచి పరిశోధకులతో కూడి సంకర వరిలో నూటికి 95 దాటించిరి.

మెండెల్‌ను కలవరపెట్టిన గుణమునే నేడు వరికి నేర్పజూచుచున్నారు. అది ఫలించిననాడు రైతు గాదెలోని గింజయే మరుసటి ఏటి విత్తనము కాగలదు. ఊరి పొలములన్నిట ఒకే అచ్చు పైరు నిలిచినచో తెగులునకు దారి తెరచినట్లగునను మాటను గూడ మనము మరువరాదు.