పనిలేని రెండు మాటలు



మన వర్ణమాలలో ఌ, ౡ అను రెండక్షరములు కలవు. 'కౢప్తము' వంటి సంస్కృతపదములలో మొదటిదాని గుర్తు వచ్చును గాని, రెండవదానితో మనకు పనియే పడదు. అట్టి పనిలేని మాటలు కంప్యూటరు భాషలయందును గలవు. వానిలో రెండింటి చరిత్రమును నేడు మనవి చేసెదను.

కంప్యూటరు భాష యనగా యంత్రమునకు పని పురమాయించుటకై మనుష్యులేర్పరచిన కొలది మాటల భాష. ఆ మాటలు భాషకే చెందును. ప్రోగ్రాము వ్రాయువారు వానిని వేరొక వస్తువునకు పేరుగా పెట్టరాదు. 'సీ' యను భాషను 1972 ప్రాంతమున అమెరికాలోని న్యూజెర్సీయందు, బెల్ పరిశోధనశాలలో డెన్నిస్ రిచీ నిర్మించెను. దానికి మాతృక కెన్ థామ్సన్ కల్పించిన 'బీ' భాష.

బీ భాషలో ఒక సంఖ్యను తాత్కాలికముగా దాచుకొను గడికి పేరు పెట్టునపుడు ముందు 'ఆటో' యని వ్రాయవలసియుండెను. పని మొదలైనపుడు ఆ గడి తానే పుట్టి, పని ముగియగానే తానే పోవునని దాని భావము. సీ భాషలో గడియందుండునది పూర్ణసంఖ్యయో, భిన్నమో, అక్షరమో తెలుపు మాట ముందు చేరినది. దానితో ఆటో యక్కర తీరెను. అయినను రిచీ దానిని తొలగింపలేదు.

రెండవ మాట 'ఎంట్రీ'. ఫోర్ట్రాను భాషలో ఒక కార్యవిభాగమునకు మొదటి ద్వారమే గాక, నడుమ మరియొక ద్వారము పెట్టుటకు ఇది పనికివచ్చెడిది. సీ భాషయందును దీనికొక పీట వేసి యుంచిరి. 1978లో కెర్నిహాన్, రిచీలు ప్రకటించిన గ్రంథమున, ఈ మాటను ఏ కంపైలరును అమలుపరచలేదనియు, ముందుకాలమునకై నిలిపియుంచిరనియు కలదు. ఆ కాలము రానేలేదు. 1989లో అమెరికా ప్రమాణసంస్థ భాషానిబంధనలను ఖాయపరచినపుడు ఎంట్రీని తొలగించెను. దానిపై నాధారపడిన వ్రాత లేదు గనుక నష్టమును లేదు.

ఆటో కథ వేరు. అరుదుగానైనను దానిని వ్రాసినవారుండిరి. తీసివేసినచో వారి ప్రోగ్రాములు నిలిచిపోవును. ఇది చిన్న విషయము కాదు. నేటి ఆండ్రాయిడు ఫోనుల లోపల నడుచు లినక్సులో అధికభాగము సీ భాషలోని వ్రాతయే. అట్టి భాషలో ఒక మాటను కదపుట యనగా కట్టిన యింటిలో రాయిని లాగుటయే.

సీ నుండి 'సీ ప్లస్ ప్లస్'ను నిర్మించిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1984లోనే ఆటోకు క్రొత్త పని యీయజూచెను. గడిలో పెట్టిన వస్తువును జూచి దాని జాతిని కంపైలరే గ్రహించుట యా పని. కాని ఆటో యని వ్రాసి జాతి చెప్పనిచో పూర్ణసంఖ్యయే యని సీ భాషలో పాత నియమము. రెండింటికిని పొత్తు కుదరక ఆయన వెనుదీయవలసివచ్చెను. 1998, 1999 సంవత్సరముల ప్రమాణములలో ఆ నియమము పోయెను. పిమ్మట 2011లో సీ ప్లస్ ప్లస్ నందు ఆటోకు ఆ పని దక్కెను. 2024లో ప్రకటితమైన ప్రమాణమున సీ భాషయు ఆ త్రోవనే నడచినది.

కావున పాతదానిని దీయువారు అది నేడు పనికివచ్చునా యని మాత్రమే యడుగక, దానిని నమ్ముకొన్నవారెవరైన గలరా యనియు విచారింపవలెనని నా యభిప్రాయము. ఎంట్రీని నమ్ముకొన్నవారు లేకపోయిరి. ఆటోను నమ్ముకొన్నవారు కొందరుండిరి. ఆ కొందరికొరకు నిలిపిన మాటయే నేడు వేలమందికి పనికివచ్చుచున్నది.