మందు, గుండు, కొవ్వు: తుపాకి గొట్టపు సంరక్షణ – ఎన్‌ఫీల్డ్ నుంచి నల్లగొండ బర్మార్ దాకా

వ్యాససంగ్రహం:

‘మందుగుండు’ అనే సమాసంలో మందూ ఉంది, గుండూ ఉంది. గొట్టాన్ని కాపాడే కొవ్వుకు, కాగితానికి అందులో చోటు లేదు. చరిత్రరచనలోనూ వాటికి దక్కిన చోటు తక్కువే. 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తూటాను, తెలంగాణ సాయుధపోరాట కాలపు బర్మార్‌ను గొట్టపు సంరక్షణ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నల్లమందు, మసి, తూటా, ఎన్‌ఫీల్డ్, బర్మార్, నల్లగొండ.

1. ప్రవేశిక

హాలియా ఉన్న నల్లగొండ జిల్లా సాయుధపోరాటానికి ప్రధానక్షేత్రం. ఆ పోరాటాన్ని గ్రంథస్థం చేసినవారు బర్మార్ తుపాకులను తరచుగా ప్రస్తావించారు. ఎవరు కాల్చారు, ఎవరు నేలకొరిగారు అన్నవి నమోదయ్యాయి. కాల్చిన తరువాత ఆ గొట్టాన్ని ఎలా శుభ్రం చేశారన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో గ్రహించడానికి ముందుగా మసి స్వభావాన్ని తెలుసుకోవాలి.

2. మసి, కాగితం, కొవ్వు

సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు పేలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత పొగగా పోతుంది. కొంత గొట్టానికి అంటుకుంటుంది. ఆ మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. నునుపు గొట్టంలో గుండు వదులుగా ఉంటుంది కనుక కొంత మసి ఉన్నా దిగుతుంది. లోపల మెలిక గాడులున్న రైఫిల్‌లో అలా కాదు. మసి పేరుకుంటే గుండు మధ్యలోనే బిగుసుకుంటుంది. సీసం గాడులకు అంటుతుంది.

గుండుకు కాగితం చుట్టడం దీనికి ఒక పరిష్కారం. కాగితం వల్ల సీసం ఇనుమును నేరుగా తాకదు. దానిపై పూసిన కొవ్వు లేదా మైనం మసిని గట్టిపడనీయదు. గొట్టం దాటగానే కాగితం విడిపోతుంది. ఆ లవణాలు నీటిలో కరుగుతాయి కనుక, పని ముగిశాక తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, నూనె పూస్తే గొట్టం నిలుస్తుంది.

3. ఎన్‌ఫీల్డ్ తూటా

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టం వ్యాసం 0.577 అంగుళం. కాగితం చుట్టి కొవ్వు పూసిన దాని తూటాలను, మన వాతావరణానికి కొవ్వు ఎలా నిలుస్తుందో చూడడానికి 1853లోనే భారతదేశానికి పంపారు. ఆ కొవ్వు సిపాయిల ఆచారాలకు భంగకరం కాకూడదని కల్నల్ టక్కర్ అప్పుడే హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు తగిన ఫలితం కలగలేదు. ఎండకు కొవ్వు కరుగుతుందా అన్నది పరీక్షించారు. సిపాయి దానిని పంటితో కొరకగలడా అన్నది పరీక్షించలేదు.

1857 జనవరిలో కలకత్తా సమీపాన డండంలో అనుమానం బయటపడింది. సిపాయిలు తమకు నచ్చిన పదార్థాన్నే పూసుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. అంతలో శంక కొవ్వు నుంచి కాగితానికి పాకింది. ఫిబ్రవరిలో బెంగాలులోని బరంపురంలో (గంజాం బరంపురం కాదు) 19వ పటాలం నిరాకరించినవి పాత నునుపు గొట్టపు తుపాకుల తూటాలే. అంటే విశ్వాసం ఒకసారి చెదిరాక, పదార్థాన్ని మార్చినంత మాత్రాన అది తిరిగి రాలేదు.

సాంకేతిక సమస్యా తీరలేదు. 0.568 అంగుళపు గుండు మసి పట్టిన గొట్టంలో బిగుసుకుపోవడంతో 1859లో దానిని 0.55కు తగ్గించవలసివచ్చింది. అయితే కొవ్వునే సర్వకారణంగా భావించరాదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడికి తక్షణకారణం జమాదార్ చీదాఖాన్ నిర్బంధం, తూటా కాదు.

4. నల్లగొండ బర్మార్

తొమ్మిది దశాబ్దాల తరువాత అదే మసి నల్లగొండ పల్లెల్లో మరో రూపంలో ఎదురయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి ప్రజల చేతుల్లో ఉన్నవి ప్రధానంగా కర్రలు, వడిసెలలు. తరువాత బర్మార్లు చేరాయి. నింపి కాల్చేది అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. మూతి నుంచి మందు పోసి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించాలి. నునుపు గొట్టం కనుక ఎన్‌ఫీల్డ్‌కు వలె కొవ్వు కాగితం అనివార్యం కాదు. తుడవడం మాత్రం అనివార్యం. వానలో తడిసే మందుకు, తేమకు తుప్పు పట్టే గొట్టానికి నిత్యం కాపలా కావాలి.

1948 సెప్టెంబర్ 13న ప్రవేశించిన భారతసైన్యం చేతిలో ఇత్తడి తూటాల రైఫిళ్లున్నాయి. వాటిలోని పొగరాని మందు మిగిల్చే మసి చాలా తక్కువ. కృష్ణ ఒడ్డున, నల్లమల అడవుల్లో 1951 దాకా తలదాచుకున్న దళాలకూ సైన్యానికీ మధ్య వ్యత్యాసం తుపాకుల సంఖ్యలోనే కాదు, ఒక్కొక్క కాల్పుకు పట్టే కాలంలోనూ, గొట్టం కోరే శ్రమలోనూ ఉంది.

5. ముగింపు

కొవ్వు 1857లో విశ్వాసాన్ని తాకింది కనుక చరిత్రకెక్కింది. బర్మార్‌ను తుడిచిన గుడ్డ ఎవరి విశ్వాసాన్నీ తాకలేదు కనుక మరుగునపడింది. ఆ తరంలో మిగిలినవారు నేడు తొంభై ఏళ్లు దాటినవారు. గొట్టం శుభ్రపరచడం, మందు ఆరబెట్టడం, నూనె పూయడం వంటి పనులకు వారు వాడిన మాటలు నిఘంటువులకెక్కకముందే కనుమరుగయ్యే ప్రమాదముంది. హాలియా, దేవరకొండ, మిర్యాలగూడ ప్రాంతాలలో మౌఖికచరిత్ర సేకరించే పరిశోధకులు ‘ఎన్నిసార్లు కాల్చారు?’ అన్న ప్రశ్నతోపాటు ‘కాల్చాక ఏం చేశారు?’ అనికూడా అడగవలసిన అవసరం ఉంది.