వెలగిరి మహాచైత్యము – ఆవేసని సిద్ధార్థుడు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున దాతల పేర్లును, కార్యకర్తల పేర్లును ఈ సంచికలో అచ్చుపడుట సముచితము. పదిమంది పూనికతో నిలిచిన సంస్థకు ఆ పదిమంది పేర్లును చెప్పుకొనుట ధర్మము. ఈ మర్యాద మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పదునేడు వందల ఏండ్లకు పూర్వమే ఈ మెట్టసీమలో ఒక శిల్పకారుడు దీనిని పాటించినాడు. అందరి కట్టడమైన ఒక స్తూపమునకు అయిదు రాతిస్తంభములు సమర్పించి, తన పేరును, తన యింటివారి పేర్లును వానిపై చెక్కించినాడు. ఆతని పేరు సిద్ధార్థుడు. ఆతని గూర్చి మనము తెలిసికొనవలసినది కొంత గలదు.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయనివారు తమ తండ్రిగారి పేరిట దానిని జగ్గయ్యపేట గావించిరి. ఈ ఊరి చేరువనున్న దిబ్బను జనులు ధనబోడు అనుచుండిరి. అందేదో ధనమున్నదని తరతరముల నమ్మకము. 1882లో పురాతత్త్వశాఖకు చెందిన జేమ్సు బర్జెస్ దొరగారు వచ్చి ఆ దిబ్బను పరీక్షించి, అది బౌద్ధస్తూపమని నిర్ధారణ చేసిరి. అమరావతీ స్తూపముతో కలిపి దీనిని వర్ణించు గ్రంథమును వారు 1887లో ప్రకటించిరి. నాడు నందిగామ తాలూకాలోనిదైన ఈ చోటు, 2022లో జిల్లాలు మరల విభజింపబడిన తరువాత ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. తాలూకాలు మారినవి, జిల్లాలు మారినవి. దిబ్బ మాత్రము కదలలేదు.

ధనబోడులో దొరికిన శిల్పములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మాంధాతృ చక్రవర్తి ఫలకము. మాంధాత కథ మన మహాభారత అరణ్యపర్వమునందును గలదు. అయితే బౌద్ధుల దివ్యావదానములోని కథ వేరు. ఆతని అంతఃపురమున ఏడు దినములు బంగారము వర్షించెనట. అంతటితో తృప్తిపడక ఆతడు స్వర్గమున కేగి, ఇంద్రుని అర్ధాసనమెక్కి, సర్వాధిపత్యమును కోరి భ్రష్టుడయ్యెనట. శిల్పి ఈ కథలోని వర్షమును పట్టుకొన్నాడు. చక్రవర్తి నిలుచుండి చేయెత్తగా మేఘముల నుండి నలుపలకల నాణెములు రాలుచున్నవి. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము మున్నగు చక్రవర్తి రత్నములు గలవు. ధనబోడు అను పేరునకును, ధనవర్షపు బొమ్మకును కుదిరిన పొత్తు యాదృచ్ఛికమే కావచ్చును. కాని చూచువారికి వింత గొలుపక మానదు.

ఇంత గొప్ప ఫలకమును చెక్కినదెవ్వరు? ఫలకముపై కర్త పేరు లేదు. మన ప్రాచీనశిల్పములో అధికభాగమునకు ఇదే గతి. కట్టించిన రాజు పేరు నిలుచును, చెక్కిన చేయి పేరు మాసిపోవును. ఇందుకు భిన్నముగా, ఈ ఫలకమునకు కొన్ని వందల ఏండ్ల తరువాత అదే స్తూపమునకు చేరిన స్తంభములు మాత్రము నోరు విప్పి మాటాడినవి.

ఇక్కడ ఆయకస్తంభములనగా నేమో చెప్పవలెను. స్తూపమునకు నాలుగు దిక్కుల నాలుగు వేదికలు ముందునకు పొడుచుకొని వచ్చి, ఒక్కొక్క వేదికపై అయిదేసి స్తంభములు వరుసగా నిలుచుట ఆంధ్రదేశపు స్తూపముల ప్రత్యేకత. ఇవి కప్పును మోయు స్తంభములు కావు, పూజార్థము నిలిపినవి. బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ప్రథమోపదేశము, పరినిర్వాణము అను అయిదు ఘట్టములకు ఇవి గుర్తులని పండితుల అభిప్రాయము. ధనబోడు తూర్పుదిక్కున నిలిపిన అట్టి స్తంభములపై ఒకే పాఠముగల ప్రాకృతశాసనము మూడు ప్రతులుగా లభించినది. దానిని బ్యూలరు పండితుడు 1882లోనే చదివి ప్రకటించినాడు. లిపి బ్రాహ్మి. అక్షరముల నిలువుగీతలు మీదికిని క్రిందికిని బారుగా సాగి, కొసలు తీగలవలె వంపు తిరిగియుండును. వ్రాతయే ఒక చిత్రకళగా చేసిన చేతి పని అది.

దస్తావేజులు వ్రాయుటయే వృత్తిగా గల మాబోటివారికి ఈ శాసనము మిక్కిలి పరిచితముగా తోచును. మొదట కాలము: మాఠరీపుత్రుడైన ఇక్ష్వాకురాజు శ్రీ వీరపురుషదత్తుని 20వ సంవత్సరము, వర్షాపక్షము 8, దినము 10. ఆనాటి లెక్కలో ఏటికి మూడే ఋతువులు, ఋతువునకు నాలుగు నెలలు, ఎనిమిది పక్షములు. కనుక ఇది వానకాలపు కడపటి పక్షము. క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి మాట. పిమ్మట కర్త: కమ్మకరాష్ట్రమునకు చెందిన ఆవేసని నాకచందుని కుమారుడు, మహాకాడురూరు గ్రామమందలి ఆవేసని సిద్ధార్థుడు. పిమ్మట స్థలము: వెలగిరి గ్రామమున, భగవానుడగు బుద్ధుని మహాచైత్యపు తూర్పుద్వారము. పిమ్మట వస్తువు: ఆయకస్తంభములు అయిదు. ఈ సంఖ్యను మాటలలోను అంకెలోను రెండు విధములుగ వ్రాసినారు. మొత్తమును అక్షరములలోను అంకెలలోను వ్రాయవలెనను నేటి మన దస్తావేజుల నియమము ఆనాడే పాటింపబడినది. కడపట ప్రయోజనము: సర్వప్రాణుల హితమును సుఖమును.

కమ్మకరాష్ట్రము కృష్ణకు దక్షిణమున, తరువాతి కాలమున కమ్మనాడుగా ప్రసిద్ధికెక్కిన సీమ. మహాకాడురూరు అను పేరు చివర మన ‘ఊరు’ వినబడుచున్నది. ప్రాకృతశాసనములో తొంగిచూచిన తెలుగు మాట అది. తండ్రి ఊరు ఒకటి, కుమారుడున్న ఊరొకటి, స్తంభములు నిలిచిన ఊరు వేరొకటి. పని యెక్కడనున్న అక్కడికి పోవుట శిల్పకారుల బ్రతుకు. ఈ మూడు పేర్లలో ఆ దారి కనబడుచున్నది.

‘ఆవేసని’ అను మాట కీలకమైనది. ఆవేశనమనగా పనిశాల, ఆవేసని యనగా దాని పెద్ద. ఈ పదము సాంచీస్తూపపు దక్షిణతోరణముపైనను గలదు. అచ్చట శ్రీ శాతకర్ణి రాజు యొక్క ఆవేసని, వాసిష్ఠీపుత్రుడైన ఆనందుడు తన దానమును చెప్పుకొన్నాడు. ఆనందుడు రాజుగారి పనివాడు. మన సిద్ధార్థుడు అట్లు చెప్పుకొనలేదు. రాజు పేరు ఆతనికి సంవత్సరము గుర్తించుటకు మాత్రమే పనికివచ్చినది. తండ్రియు ఆవేసనియే యగుటచే ఇది వంశక్రమముగా వచ్చిన విద్య యని తెలియుచున్నది.

అదే వీరపురుషదత్తుని రాజధాని విజయపురి, నేటి నాగార్జునకొండ. అచ్చటి మహాచైత్యమునకును ఆయకస్తంభములు గలవు. వానిని ఆ రాజు 6వ సంవత్సరమున ఆతని మేనత్త చాంతిసిరి నిలిపినది. అశ్వమేధము చేసిన తన సోదరుడు చాంతమూలుని కీర్తి ఆ శాసనములలో ప్రముఖము. ఇచ్చట, వెలగిరిలో, అవే అయిదు స్తంభములను పనివాడొకడు నిలిపినాడు. ఇది ఆతని స్వంత దేయధర్మమని శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. మన కావ్యములలో కృతికర్త యొకడు, కృతిభర్త యొకడు. కవి తన ప్రభువు వంశావళిని పొగడును. పోతనామాత్యుడు భాగవతమును శ్రీరామున కంకితమిచ్చి ఈ పద్ధతిని తప్పించుకొనెను. సిద్ధార్థుడు అంతకు వేయి యేండ్లకు పైగా పూర్వము, రాతిపనివారి కులవృత్తిలో పుట్టి, తన ద్రవ్యముతో తన యింటి వంశావళినే చెక్కించినాడు.

ఆ యింటివారెవరు? ముందుగా తల్లి నాగిలని. తరువాత భార్య సముదని, కుమారుడు మూలసిరి, కుమార్తె నాకబుధనిక. పిమ్మట తమ్ముడో అన్నయో యగు సోదరుడు బుధిన్నకుడు, అతని భార్య కనిక, వారి కుమారులు నాగసిరి, చందసిరి, కుమార్తె సిధథనిక. ఆపై జ్ఞాతులు, మిత్రులు, సంబంధులు. ఈ పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక ముచ్చట తోచును. చందసిరి పేరులో తాత నాకచందుడున్నాడు. సిధథనిక పేరులో పెదతండ్రియో పినతండ్రియో యగు సిద్ధార్థుడున్నాడు. నాకబుధనిక పేరులో తాతయు, బాబాయియో పెదనాన్నయో యగు బుధిన్నకుడును కలసినట్లున్నది. పెద్దల పేర్లు పిల్లలకు పెట్టుకొను మన యాచారము ఇదియే గదా! ఆడపిల్లల పేర్లు కూడ విడువక చెక్కించుట మరువరానిది. రాజులు తమ విజయములను చెక్కించిరి. ఈ శిల్పకారుడు తన కుటుంబపు లెక్క చెక్కించినాడు.

ఇందుండి మనకు తెలియునదేమి? శిల్పమనునది ఏకాంతమున ఒక్క ప్రతిభాశాలి చేసిన పని కాదు. అది పనిశాల, కుటుంబము, బంధువర్గము, ఊరు కలసి చేసినది. శిల్పి కూలిపుచ్చుకొని తొలగిపోయినవాడు కాడు. తాను పనిచేయు లోకమునకు తానును దాతయైనవాడు. స్తూపము ఆ తరువాతను ఆదరముతో నిలిచినది. సుమారు మూడువందల ఏండ్లకు చంద్రప్రభుడను భిక్షువు అచ్చట బుద్ధప్రతిమను చేయించినట్లు వేరొక శాసనము చెప్పుచున్నది.

నేడు ధనబోడు శిల్పములు చెన్నపట్టణమున ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియములో నున్నవి. అచ్చట భద్రముగా నుండుట మంచిదే. కాని మన పిల్లలలో ఎందరు వానిని చూచిరి? ఈ సీమలోని సున్నపురాయి నేడు సిమెంటు కర్మాగారములలో పొడియగుచున్నది. అటువంటి రాతినే నాటివారు మాటాడించిరి. రాయి పోయిన మరల తేలేము, శిల్పములను తరలించుట మన చేతిలో లేదు. పేర్లను నిలుపుకొనుట మాత్రము మన చేతిలోని పనియే.

కావున పాలకవర్గము వారికి రెండు మనవులు. సిద్ధార్థుని శాసనమును తెలుగులిపిలో, తెలుగుతాత్పర్యముతో ఒక పలకపై వ్రాయించి పఠనమందిరములో వ్రేలాడదీయవలెను. దాని క్రింద ఈ గ్రంథాలయమునకు గోడలు పెట్టిన తాపీపనివారి పేర్లు, బీరువాలు చేసిన వడ్రంగి పేరు, పేరుపలక వ్రాసిన చిత్రకారుని పేరు కూడ చేర్పవలెను. దాతల పట్టిక ఎట్లును ఉండును. చేసినవారి పట్టికయు ఉన్ననాడు వెలగిరి ఆవేసనికి మనము వారసులమని చెప్పుకొనదగుదుము.