శాపర్టన్ సొరంగం: నిలువు బావుల చరిత్ర

శాపర్టన్ సొరంగం ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ కౌంటీలో, థేమ్స్, సెవర్న్ నదులను కలిపిన పాత కాలువ మీద ఉంది. పొడవు 3,817 గజాలు, అంటే సుమారు 3.5 కిలోమీటర్లు. దీన్ని తవ్వడానికి కొండ పైనుంచి 25 నిలువు బావులు దించారు. లోపల కొన్ని చోట్ల కప్పు కూలి దారి మూసుకుపోయింది. అందువల్ల సొరంగ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఇప్పుడు ముఖ్యమైన ఆధారాలు ఈ బావుల ఆనవాళ్లూ, వాటి చుట్టూ మిగిలిన మట్టి దిబ్బలూ.

వరుసగా బావులు దించి, అడుగున వాటిని కలుపుతూ నీటిదారి తవ్వడం చాలా పాత విద్య. ఇరాన్ కనాత్‌లు, బీదర్ కరేజ్ అలా పుట్టినవే. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కాలంలో ఫూచినో సరస్సు నీటిని మళ్లించిన సొరంగానిదీ ఇదే పద్ధతి. ఇంగ్లండ్‌లో జేమ్స్ బ్రిండ్లీ 1766లో మొదలుపెట్టిన హేర్‌కాజిల్ కాలువ సొరంగం దీనికి దగ్గరి ముందుతరం.

థేమ్స్–సెవర్న్ కాలువకు 1783లో పార్లమెంటు అనుమతి లభించింది. రాబర్ట్ విట్‌వర్త్ సలహాతో దారి ఖరారైంది. జోసయ్య క్లోస్ ఇంజనీరుగా పని నడిపించాడు. 1784లో సొరంగం పని మొదలైంది. మొదటి గుత్తేదారు చార్లెస్ జోన్స్‌ను పని పూర్తికాకముందే తొలగించారు. ఆ తర్వాత పనిని ముక్కలుగా విడదీసి వేర్వేరు ముఠాలకు అప్పగించారు. రెండు కొసల నుంచి మాత్రమే తవ్వితే పని ముందుకు సాగే చోట్లు రెండే. బావి దిగితే అడుగున ఇరువైపులా తవ్వవచ్చు. 25 బావులు ఉంటే ఎన్నో ముఠాలు ఒకేసారి పని చేయవచ్చు. లోతైన బావులు 200 అడుగులు దాటాయి. గుర్రాలు తిప్పే గిరకలతో బొక్కెనలు పైకి లాగేవారు. రాతిని తుపాకిమందుతో పేల్చేవారు. బావిలోకి తూకపు గుండ్లు వేలాడదీసి, పైన గుర్తించిన గీతను అడుగుకు దించేవారు. ఎదురెదురుగా తవ్వుకొస్తున్న రెండు ముఠాలు చీకట్లో ఒకే చోట కలవడానికి ఆధారం ఆ గుండ్లే. అది మెచ్చుకోదగిన నైపుణ్యం. 1788 జులైలో మూడో జార్జి రాజు చెల్టెనమ్‌లో విడిది చేసినప్పుడు వచ్చి ఈ పనిని చూశాడు. 1789 ఏప్రిల్‌లో మొదటి పడవ సొరంగం దాటింది. అదే ఏడాది నవంబరులో సెవర్న్ నుంచి థేమ్స్ దాకా రాకపోకలు మొదలయ్యాయి. 1811లో స్టాండెడ్జ్ సొరంగం తెరుచుకునేదాకా ఇంగ్లండ్‌లో ఇంత పొడవైన కాలువ సొరంగం మరొకటి లేదు.

పని ముగిశాక బావులను చాలావరకు పూడ్చేశారు. తవ్వి పోసిన మట్టి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కోట్స్ గ్రామం వైపు హెయిలీ వుడ్ అడవిలో ఈ దిబ్బలు వరుసగా కనిపిస్తాయి. కొన్నిటి మీద బీచ్ చెట్లు గుంపుగా పెరిగాయి. ఒక్కో దిబ్బ అడుగున ఏముందో చెప్పే నమూనా వంటిది. దారి పొడవునా సున్నపురాయి, దాని మధ్య ఫుల్లర్స్ ఎర్త్ పొర వస్తాయి. మన వాళ్లు ముల్తానీ మట్టి అని పిలిచే బంకమట్టి జాతే ఇది. నీరు తగిలితే ఉబ్బుతుంది. గట్టి రాతిలో సొరంగానికి లోకట్టు అక్కరలేదు. ఈ మట్టి తగిలినచోట ఇటుకతో కట్టాల్సి వచ్చింది. ఆ ఇటుకను కూడా మట్టి ఒత్తి ఒత్తి కూల్చింది. మరోవైపు సున్నపురాయి పగుళ్లలోంచి కాలువ నీరు ఇంకిపోయేది. దిబ్బల రాయి, మట్టిని వరుసగా పరిశీలిస్తే, ఏ బావి కింద ఏ కష్టం ఎదురైందో ఊహించవచ్చు. కూలీల పేర్లు దొరకడం అరుదు గనుక, వాళ్ల శ్రమకు నేల మీద మిగిలిన దాఖలాగా ఈ దిబ్బలను కాపాడుకోవడం అవసరం. తవ్వకపు రోజుల్లో పనివాళ్ల బస కోసం కట్టిన రెండు సత్రాలు కొసల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి: పశ్చిమాన డేన్‌వే, తూర్పున టన్నెల్ హౌస్.

పందొమ్మిదో శతాబ్దం మరమ్మతులతో, ఆపై రైలు పోటీతో గడిచింది. సొరంగంలో గుర్రాలు నడుస్తూ పడవను లాగే తాడుబాట లేదు. పడవ మీద వెల్లకిలా పడుకుని, గోడలకు కాళ్లు తన్ని నడిపేవారు. 1901లో కాలువ కౌంటీ కౌన్సిల్ చేతికి వచ్చింది. 1911 తర్వాత సరుకు పడవలు సొరంగం దాటలేదు. 1927లో ఈ భాగాన్ని అధికారికంగా వదిలేశారు.

కాలువ పునరుద్ధరణకు 1972లో ఏర్పడిన సంఘమే నేటి కాట్స్‌వాల్డ్ కెనాల్స్ ట్రస్ట్. కోట్స్ వైపు సొరంగ ముఖద్వారాన్ని 1976–77లో బాగుచేశారు. పడవలు ఇప్పటికీ కొస నుంచి కొసకు వెళ్లలేవు.