అంతరిక్ష డేటా అందరికీ ఉచితం.. అందులో మన హైదరాబాద్ లెక్కలూ ఉన్నాయి

బాన్సువాడ: అంతరిక్షం అనగానే శ్రీహరికోట, బెంగళూరు, నాసా గుర్తొస్తాయి. కామారెడ్డి జిల్లా బాన్సువాడలో డిగ్రీ చదివే విద్యార్థికి అందులో పనేముంది అని చాలామంది అనుకుంటారు. కానీ ఉపగ్రహాలు, టెలిస్కోప్‌లు పంపిన కొలతల్లో చాలా వరకు కొంతకాలం తర్వాత ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెడతారు. శాస్త్రవేత్త చూసే పట్టికనే విద్యార్థి కూడా తెరవొచ్చు. పైగా ఆ ఖజానాలో వందేళ్ల కిందట హైదరాబాద్‌లో రాసిన నక్షత్రాల లెక్క కూడా ఉంది.

డేటా అంటే ఏంటి?

పేపర్లో, టీవీలో కనిపించే రంగురంగుల అంతరిక్ష ఫొటో డేటా కాదు. అది డేటా నుంచి తయారైన బొమ్మ. అసలు డేటా అంకెల రూపంలో ఉంటుంది. ఏ నక్షత్రం, ఏ తేదీన, ఆకాశంలో ఏ చోట, ఎంత వెలుగుతో కనిపించింది, ఆ కొలతలో ఎంత తప్పు ఉండొచ్చు అని వరుసగా రాసి ఉంటుంది. కామర్స్ విద్యార్థులకు ఇది కొత్తేం కాదు. ఒక పెద్ద లెడ్జర్ పుస్తకం లాంటిదే. షాపు లెడ్జర్‌లో సరుకు పేరు ఉంటే, ఇక్కడ నక్షత్రం పేరు ఉంటుంది.

నిజాం కాలం నాటి లెక్క

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి, ఒకే జాబితాగా వేయాలని నిర్ణయించారు. ఒక్క దేశంతో అయ్యే పని కాదు కాబట్టి ఆకాశాన్ని పట్టీలుగా విడగొట్టి, ఒక్కో అబ్జర్వేటరీకి కొన్ని పట్టీలు అప్పగించారు.

హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో విదేశాల నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, ఫిసల్‌బండ దగ్గర అబ్జర్వేటరీకి పునాది వేశారు. ఆయన చనిపోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందకు వచ్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ.

ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీని మొదట చిలీ దేశంలోని శాంటియాగోకు ఇచ్చారు. అక్కడ పని ముందుకు సాగకపోవడంతో అది హైదరాబాద్ చేతికి వచ్చింది. 1914 నుంచి 1929 వరకు 8 అంగుళాల కెమెరా టెలిస్కోప్‌తో ఆ పట్టీ ఫొటోలు తీశారు. ఆ తర్వాత ఉత్తరం వైపు మరో పట్టీని కూడా పూర్తి చేశారు. ముందు చాట్‌వుడ్, తర్వాత పోకాక్, భాస్కరన్, అక్బర్ అలీ అబ్జర్వేటరీని నడిపారు. గాజు ప్లేట్ల మీద పడిన ఒక్కో చుక్క స్థానాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, చేత్తో పుస్తకంలో రాసుకున్నారు. అప్పట్లో కంప్యూటర్ లేదు, ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ కూడా లేదు.

ఆ పట్టీ బాన్సువాడ నుంచి కూడా బాగా కనిపిస్తుంది. దక్షిణం వైపు చూస్తే నేలకు, నడినెత్తికి మధ్యలో, దాదాపు 50 డిగ్రీల ఎత్తులో అది దాటుతుంది. జూన్, జులై నెలల్లో రాత్రి పూట కనిపించే అనూరాధ నక్షత్రం చుక్కల్లో రెండు ఆ పట్టీలోవే.

పాత లెక్క ఇప్పుడెందుకు?

నక్షత్రాలు కదలకుండా ఉన్నట్టు కనిపించినా నిజానికి కదులుతుంటాయి. చాలా దూరంలో ఉండటంతో మనిషి జీవితకాలంలో ఆ కదలిక కంటికి తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే రెండు కొలతలు కావాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. లెక్కల భాషలో చెప్పాలంటే ఓపెనింగ్ బ్యాలెన్స్, క్లోజింగ్ బ్యాలెన్స్. రెండింటి మధ్య ఎంత ఎక్కువ కాలం ఉంటే లెక్క అంత గట్టిగా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 1920లో ఒక నక్షత్రం ఒక చోట ఉంది, 2016లో 9.6 ఆర్క్ సెకన్లు జరిగి ఉంది అనుకుందాం. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. 96 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 0.1 ఆర్క్ సెకను. పాత ప్లేటు కొలతలో అర సెకను తప్పు ఉన్నా, 96 ఏళ్ల మీద పంచితే ఏడాదికి పడే తప్పు చాలా చిన్నది.

అందుకే అమెరికా నేవీ అబ్జర్వేటరీ వాళ్లు అన్ని దేశాల పాత పుస్తకాల్లోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, 'ఏసీ 2000' పేరుతో ఒకే జాబితా చేశారు. అందులో 46 లక్షలకు పైగా నక్షత్రాలున్నాయి. హైదరాబాద్ కొలతలు కూడా వాటిలో భాగమే. యూరప్ ఉపగ్రహం హిప్పార్కోస్ కొలతలను ఈ పాత లెక్కలతో కలిపి, 2000 సంవత్సరంలో 'టైకో-2' అనే జాబితా తెచ్చారు. 25 లక్షల నక్షత్రాల కదలికను అది చెబుతుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ డేటా కేంద్రం నడిపే 'విజియర్' సైట్‌లో ఈ రెండూ ఎవరైనా పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు.

ఇస్రో డేటా ఎక్కడ దొరుకుతుంది?

బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఇస్రోకు అంతరిక్ష సైన్స్ డేటా సెంటర్ ఉంది. దాని 'ప్రదాన్' పోర్టల్‌లో ఈమెయిల్‌తో ఉచితంగా అకౌంట్ తెరిస్తే చాలు. చంద్రయాన్-2 తీసిన చంద్రుడి ఫొటోలు, కొలతలు అక్కడ ఉన్నాయి. చంద్రయాన్-3 డేటాను 2024 ఆగస్టు 23న, మొదటి జాతీయ అంతరిక్ష దినోత్సవం రోజు విడుదల చేశారు. సూర్యుడిని గమనించే ఆదిత్య-ఎల్1 డేటా 2025 జనవరిలో బయటికి వచ్చింది. 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ టెలిస్కోప్ డేటాను 2018 సెప్టెంబరు నుంచి అందరికీ ఇస్తున్నారు.

కొత్త కొలత రాగానే బయట పెట్టరెందుకు? పరికరం కోసం, పరిశోధన కోసం కష్టపడిన వాళ్లకు మొదట కొంత గడువు ఇస్తారు. ఆ గడువు తీరాక అందరికీ తెరుస్తారు. చాలా దేశాల్లో ఇదే పద్ధతి.

బయటి దేశాల ఖజానా

యూరప్‌కు చెందిన గయా ఉపగ్రహం 2013లో వెళ్లింది. 2022 జూన్‌లో వచ్చిన దాని మూడో విడత డేటాలో దాదాపు 180 కోట్ల నక్షత్రాల వివరాలున్నాయి. హబుల్, జేమ్స్ వెబ్, కెప్లర్, టెస్ టెలిస్కోప్‌ల డేటా 'మాస్ట్' అనే ఆర్కైవ్‌లో ఉంటుంది. వేరే సూర్యుల చుట్టూ తిరిగే గ్రహాల జాబితా నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. ఆ లెక్క 2022 మార్చిలో 5 వేలు దాటింది. ఆ పట్టికను నేరుగా ఎక్సెల్‌లో తెరవొచ్చు.

సామాన్యుడు పట్టిన శకలం

ఉచితంగా పెడితే లాభమేంటి అన్నదానికి 2019లో చెన్నై నుంచి జవాబు వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. నాసా ఉపగ్రహం ఆ ప్రాంతం ఫొటోలు తీసి అందరికీ పెట్టింది. చెన్నైలో ఉద్యోగం చేసే ఇంజినీర్ షణ్ముగ సుబ్రమణియన్ పాత ఫొటోను, కొత్త ఫొటోను పక్కపక్కన పెట్టి రోజుల తరబడి పోల్చి చూశారు. ముందు లేని ఒక చిన్న తెల్ల మచ్చ కనిపించింది. నాసాకు రాశారు. నాసా పరిశీలించి, అది విక్రమ్ శకలమేనని డిసెంబరులో ప్రకటించింది. ఆయన పేరు కూడా చెప్పింది. ఆయన అంతరిక్ష సంస్థలో ఉద్యోగి కాదు. ఇంట్లో కూర్చొని ఓపికగా చూశారు, అంతే.

నిజాంసాగర్‌ను పైనుంచి చూడాలంటే

ఆకాశం మీద ఆసక్తి లేనివాళ్లకూ పనికొచ్చే డేటా ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే 'భువన్', 'భూనిధి' పోర్టళ్లలో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో ఏ ఏడాది నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయో, మంజీర ఎక్కడ సన్నబడిందో ఏళ్ల వారీగా చూసుకోవచ్చు. భూగోళం, ఎకనామిక్స్, వ్యవసాయం చదివేవాళ్లకు మంచి ప్రాజెక్టు అవుతుంది.

ప్రతి నెలా చంద్రుడి స్థానం కావాలంటే నాసాకు చెందిన 'హొరైజన్స్' ఉంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే 29వ రోజు సూర్యాస్తమయం వేళ చంద్రుడు ఎంత ఎత్తులో ఉంటాడో చెబుతుంది. మబ్బు, దుమ్ము సంగతి అది చెప్పదు. నెలవంక ప్రకటన కూడా దాని పని కాదు, అది రుయత్ కమిటీల పనే.

ఎలా మొదలుపెట్టాలి?

* ముందు 'అలాడిన్ లైట్' తెరవండి. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోన్‌లో కూడా చూడొచ్చు. నచ్చిన నక్షత్రం పేరు కొట్టి ఆకాశం చూడండి.
* తర్వాత ఎక్సోప్లానెట్ పట్టిక దింపుకుని ఎక్సెల్‌లో ఏ ఏడాది ఎన్ని గ్రహాలు దొరికాయో లెక్కేయండి.
* పట్టికలు పెద్దవైతే 'టాప్‌క్యాట్', ఖగోళ ఫొటోల ఫైళ్లకు 'డీఎస్9' వాడండి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. వీటికి కంప్యూటర్ కావాలి.
* ఆ తర్వాత 'విజియర్'లో ఏసీ 2000, గయా జాబితాలు తీసుకుని, ఒకే నక్షత్రం రెండు స్థానాలను పోల్చండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ప్రతి అంకె పక్కన ఉండే తప్పు పరిమితి కాలమ్‌ను వదిలేయొద్దు. అది చూడకపోతే లెక్క నమ్మలేం. రెండు జాబితాలను పోల్చేటప్పుడు తేదీ కాలమ్ కూడా చూడాలి. డేటా ఎవరిదో ప్రాజెక్టులో తప్పకుండా రాయాలి. ఇక్కడ చెప్పిన సైట్లలో చాలా వరకు డేటాకు ఫీజు లేదు. ఇదే డేటా ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. సైట్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉండటం మాత్రం నిజమైన ఇబ్బంది. మొదట్లో తెలిసిన లెక్చరర్ పక్కన కూర్చుంటే సగం భయం పోతుంది.

నిజాం కాలంలో నక్షత్రాల స్థానం తెలుసుకోవాలంటే నవాబు సొమ్ము, సర్కారు ఖజానా కావాల్సి వచ్చింది. ఇప్పుడు నెట్ కనెక్షన్, కొంచెం ఓపిక ఉంటే చాలు. బేగంపేటలో రాత్రుళ్లు మేల్కొని ప్లేట్లు తీసినవాళ్లు తమ లెక్క వందేళ్ల తర్వాత ఎవరు తెరుస్తారో తెలియకుండానే రాసిపెట్టారు. తెరిచేది బాన్సువాడ విద్యార్థి కూడా కావొచ్చు.